ఇన్నేళ్లయినా ఈ జేన్ ఆస్టెన్ గోల ఏమిటి? (ఓపికున్నవాళ్లు చెప్పండి)

నిడదవోలు బండి · డిసెంబర్ 16, రాత్రి 8:52

తిట్టడానికి పెట్టిన పోస్టు కాదు, నిజంగా అర్థం కాకే అడుగుతున్నా.

పొద్దుట్నుంచీ ఫోను తెరిస్తే చాలు, ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ పుట్టి ఇవాళ్టికి 250 ఏళ్లు అని ఒకటే హోరు. మా అమ్మాయి స్టేటస్‌లోనూ ఆవిడే. ఆవిడ నవల ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ మీద 2005లో వచ్చిన సినిమా ఉందిగా, కైరా నైట్‌లీది, అది మా ఇంట్లో సంక్రాంతికోసారి, దసరాకోసారి ఆడుతుంది. ఆడినంతసేపూ నేను పేపరు అడ్డం పెట్టుకుని కూచుంటా.

సరే, ఇంతమంది అంటున్నారు కదా అని ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఐదో అధ్యాయం దగ్గరే చతికిలబడ్డాను. హత్య లేదు, యుద్ధం లేదు, కనీసం ఒక వాన కూడా పడదు. ఐదుగురు కూతుళ్లు, పెళ్లి పెళ్లి అని కొట్టుకునే తల్లి, ఎవడికి ఏడాదికెంత వస్తుందన్న ఆరాలు. ఇది వినడానికి ఇంగ్లీషు నవలెందుకండీ? మా మేనత్త వస్తే సరిపోతుంది.

డికెన్స్ అంటే అర్థమవుతుంది. ఆకలి, జైళ్లు, పొగ, అనాథ పిల్లలు. ఈవిడ దగ్గరేముంది?

పాతపుస్తకాల పిచ్చి · రాత్రి 9:10

వాన ఏడో అధ్యాయంలో పడుతుంది బండి గారూ. మీరు రెండు స్టేషన్ల ముందే దిగిపోయారు.

అది కూడా ఊరికే పడే వాన కాదు. డబ్బున్న బింగ్లీ ఇంటికి పెద్దకూతుర్ని బండిలో కాకుండా గుర్రమ్మీద పంపుతుంది తల్లి. ఎందుకూ అంటే, మబ్బు పట్టింది, వాన కురిస్తే పిల్లని రాత్రికి అక్కడే ఉంచేసుకుంటారని. పిల్ల తడిసి జ్వరం తెచ్చుకుంటుంది. తల్లి మాత్రం తన తెలివికి తానే మురిసిపోతుంది. జలుబు చేస్తే మనుషులు చచ్చిపోతారా ఏంటి, అంటుంది.

మేనత్త చాలన్నారే, అసలు కిటుకు అక్కడే ఉంది. ఇంట్లో మేనత్త మాట్లాడుతుంటే మీరు వింటారు, అంతే. ఆస్టెన్ పుస్తకంలో మేనత్త మాట్లాడుతుంటే, ఆవిడ వెనకాల నిలబడి ఎవరో మీకు కన్నుగీటుతుంటారు. ఆ కన్నుగీటడం కనబడేదాకా పుస్తకం చప్పగానే ఉంటుంది. నాకు కనబడటానికి డిగ్రీలో రెండేళ్లు పట్టింది.

కరీంనగర్ పోరడు · రాత్రి 9:31

అన్నా, గింత ఫిలాసఫీ ఎందుకు. సీదా ముచ్చట చెప్తా. కాపీరైట్ లేదు. కథ అందరికి ఎరుకే. ఎవనికీ రూపాయి కట్టే పని లేదు. సినిమోళ్లకు ఇంతకంటే ఏం కావాలె? 1995ల బీబీసీ ప్రైడ్ అండ్ ప్రిజుడిస్‌ను ఆరు భాగాల సీరియల్ తీసింది. అండ్ల హీరో డార్సీ చెరువుల దుంకి, తడి అంగితోని ఒడ్డుకు వస్తడు. పుస్తకంల ఆ సీనే లేదు! కానీ లోకానికి యాదికున్నది ఆ అంగే. 2013ల లండన్ హైడ్ పార్క్ చెరువుల 12 అడుగుల డార్సీ బొమ్మను నీళ్లల్ల నిలబెట్టిన్రు, ఓ టీవీ ఛానల్ పబ్లిసిటీ కోసం. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ మల్ల తీస్తున్నది. బ్రాండ్ అన్నా, బ్రాండ్. ఆమెను చదివెటోళ్లు ఎంతమంది, ఆమె బొమ్మ ఉన్న కప్పుల చాయ్ తాగెటోళ్లు ఎంతమంది?

పాతపుస్తకాల పిచ్చి · రాత్రి 9:44

కప్పుల సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ కాపీరైట్ లేనిది ఆవిడకొక్కదానికేనా? ఆ కాలంలో రాజులా వెలిగింది నవలాకారుడు వాల్టర్ స్కాట్. ఆవిడ మాన్స్‌ఫీల్డ్ పార్క్, ఆయన వేవర్లీ ఒకే ఏడాది వచ్చాయి, 1814లో. స్కాట్ నవల పేరున ఎడిన్‌బరోలో రైల్వే స్టేషనే ఉంది, వేవర్లీ అని. ఇవాళ ఆ స్టేషన్లో దిగేవాళ్లలో ఆ పుస్తకం తెరిచినవాళ్లెందరు?

స్కాట్‌కే ఆ సంగతి తెలుసు. 1826లో తన డైరీలో రాసుకున్నాడు: పెద్ద గొంతుతో భౌభౌమనే రాత నేనూ రాయగలను, మామూలు మనుషుల్ని ఆసక్తికరంగా మార్చే ఆవిడ నాజూకు చెయ్యి మాత్రం నాకు లేదని. అప్పటికి ఆవిడ పోయి తొమ్మిదేళ్లు.

హ్యాంప్‌షైర్ కోడలు · రాత్రి 10:20

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లో. ఆవిడ పుట్టిన స్టీవెంటన్ మాకు కూతవేటు. మార్కెట్ దగ్గర ఆవిడ కంచు విగ్రహం ఉంది, 2017లో పెట్టారు. మా చిన్నాడు దాని పక్కన నిలబడి ఐస్‌క్రీం తింటాడు తప్ప ఎవరని ఎప్పుడూ అడగలేదు.

అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు చాటన్ తీసుకెళ్లాను. 1809 నుంచి దాదాపు చివరిదాకా ఆస్టెన్ ఉన్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. నేను చెప్పదలుచుకున్నది అక్కడి రాతబల్ల గురించి. బల్ల అనడం కూడా ఎక్కువే. పన్నెండు పలకల చిన్న చెక్క, కింద ఒకే కాలు. మనింట్లో దేవుడి దగ్గర దీపం పెట్టుకునే పీటకి కాలు తొడిగితే ఎంతుంటుందో అంత. ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పడతాయి. మోచెయ్యి ఆన్చుకోడానికి చోటు లేదు. అత్తయ్యగారు కాసేపు చూసి, "కూరగాయలు తరుక్కోడానికి కూడా చాలదే" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆస్టెన్ ఎవరో తెలీదు. అయినా ఆ గదిలోంచి కదలడానికి చాలాసేపు ఒప్పుకోలేదు.

వించెస్టర్ చర్చిలో ఆస్టెన్ సమాధి కూడా చూశాం. 1817లో, 41 ఏళ్లకే పోయింది. రాతిమీద ఆవిడ మంచితనం, భక్తి, బుద్ధి అన్నీ ఉన్నాయి, నవలలు రాసిందన్న ఒక్క ముక్క లేదు. బతికుండగా పుస్తకాల మీద పేరు కూడా లేదు లెండి. మొదటిదాని మీద 'ఒక స్త్రీ రచన' అని మాత్రమే ఉంది.

ఇంకోటి చెప్పి ఆపుతా. ఇక్కడి పది పౌండ్ల నోటు మీద 2017 నుంచి ఆవిడ బొమ్మే. కింద ఆవిడ పుస్తకంలోని వాక్యం: చదవడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదని. చదువుతుంటే భలే ఉంటుంది కదా? ఆ మాట అన్నది బింగ్లీ సోదరి, మిస్ బింగ్లీ. డార్సీ చదువుతున్న పుస్తకానికి రెండో భాగమని ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, రెండు పేజీలు తిరగేసి, పెద్దగా ఆవలించి, అప్పుడు అంటుంది!

కరీంనగర్ పోరడు · రాత్రి 10:26

😂😂 నోటు మీద ఆవలింత అచ్చేసిన్రా మేడం. ఇది మాత్రం నాకు తెల్వదు.

పాతపుస్తకాల పిచ్చి · రాత్రి 10:33

ఆ పది పౌండ్లకి ఇంకో కథ. 1803లో ఆవిడ మొదటిసారి ఒక నవల అమ్మింది, సరిగ్గా పది పౌండ్లకే. కొన్నవాడు అచ్చెయ్యకుండా అటక మీద పడేశాడు. పదమూడేళ్ల తర్వాత, 1816లో, అదే పది పౌండ్లు తిరిగిచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. అదే తర్వాత నార్తాంగర్ ఆబీగా వచ్చింది. ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ హక్కులకి 150 అడిగితే 110 ఇచ్చారు. బతికుండగా రాతలమీద మొత్తం సంపాదన 700 పౌండ్లు దాటలేదు. ఆవిడ పాత్ర డార్సీకి ఏడాది రాబడే పదివేలు.

తాడిపత్రి ప్లీడరు · డిసెంబర్ 17, ఉదయం 6:15

నేను సాహిత్యం మనిషిని కాదు, సివిల్ కేసులు చూసుకునేవాణ్ణి. ఆదాయాల ఆరాలు అని బండి గారు తేలిగ్గా తీసేసినారు కాబట్టి ఒక మాట.

మా ఆవిడ బలవంతం మీద ఆస్టెన్ రాసిన సెన్స్ అండ్ సెన్సిబిలిటీ చదివినా. రెండో అధ్యాయం చదివేటప్పుడు పడీపడీ నవ్వినా. మూసినాక నవ్వు రాలేదు. సంగతి ఏందంటే, తండ్రి చనిపోతా మొదటి భార్య కొడుకును పిలిచి, మీ పిన్నమ్మనూ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకోరా నాయనా అని మాట తీసుకుంటాడు. కొడుకు అప్పటికే బాగా ఉన్నోడు. పిల్లకు వెయ్యి లెక్కన మూడు వేల పౌండ్లు ఇద్దామని తనకు తానే అనుకుంటాడు. ఎంత మంచోణ్ణి నేను అని కొన్నాళ్లు మురిసిపోతాడు కూడా.

పెళ్లాం వింటాది. మన పిల్లోడి నోటికాడిది తీసి వాళ్లకు పెడతారా అంటాది. సరే, పిల్లకు ఐదొందలు చాల్లే. అదీ ఎక్కువేనేమో, పిన్నమ్మకు ఏడాదికి వంద ఇస్తే? అయ్యో, ఏడాదికి ఇంత అని ముడిపెడితే మనుషులు చావనే చావరండీ, మా అమ్మ చూడండి, ముగ్గురు ముసలి పనోళ్లకు ఇయ్యలేక ఎంత అవస్థ పడిందో! సరే, అప్పుడప్పుడూ ఓ యాభై. అది కూడా ఎందుకులే. ఆఖరికి ఏం తేలిందంటే, ఇల్లు మారేటప్పుడు సామాను మోయించడం, కాలానికి తగ్గట్టు చేపలో వేటమాంసమో పంపించడం. మీ నాయన మనసులో ఉండింది కూడా ఇంతే అని ఇద్దరూ నమ్మేస్తారు. ఇంకా పైన ఆయమ్మకు మిగిలిన దిగులు ఏందంటే, అత్త పట్టుకుపోయే పింగాణీ పళ్లేలు మనవాటికంటే బాగుంటాయే అని.

ఒక్క తిట్టు లేదు. గొంతు పెంచరు. చట్టప్రకారం తప్పు కూడా లేదు. మూడు వేలు చేపల దాకా రావడానికి నాలుగైదు పేజీలు పట్టింది. నా ఆఫీసులో పార్టిషన్ దావాలకు వచ్చే అన్నదమ్ములు ఇదే మాట్లాడతారు, పౌండ్ల బదులు సెంట్లలో. ఈ నడుమనే ఒకాయన, చెల్లెలికి ఎకరా ఇస్తానన్నోడు, నా ముందరే కూచుని, కాఫీ అయ్యేలోపల రెండు చీరల దగ్గరకు వచ్చినాడు.

ప్రైడ్‌లో కూడా అంతే. తండ్రికి ఏడాదికి రెండు వేలు వస్తాది గానీ ఆ భూమి మగవారసుడికే పోతాది. కొడుకులు లేరు కాబట్టి ఎక్కడో ఉండే కాలిన్స్‌కు పోతాది. ఒక్కో బిడ్డకూ దక్కేది వెయ్యి పౌండ్లు, నాలుగు శాతం వడ్డీలో. అంటే ఏడాదికి నలభై. అదీ తల్లి చనిపోయినాక. ఆ తల్లి పెళ్లి పెళ్లి అని కొట్టుకుందంటే పిచ్చిదై కాదు సార్. ఆ ఇంట్లో లెక్క తెలిసింది ఆయమ్మకే. తండ్రి జోకులేసుకుంటా లైబ్రరీలో కూచున్నాడు.

మన దగ్గర మాత్రం ఏమి? ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది, ఎన్టీ రామారావు ప్రభుత్వం చేసింది. 1985 సెప్టెంబర్ 5కు ముందే పెళ్లైపోయిన ఆడబిడ్డలకు అదీ లేదు. దేశమంతటికీ 2005 దాకా రాలేదు. ఆ తేదీకి ముందు వారంలో పెళ్లైన ఆడమనిషికి ఈ నవల పాతదని చెప్పి చూడండి.

ఆవకాయ జాడీ · ఉదయం 7:40

ప్లీడరు గారికి దండం. ఆ తల్లి మిసెస్ బెనెట్‌ని వెనకేసుకొచ్చిన మగవాణ్ణి మొదటిసారి చూస్తున్నా.

ఎవరూ షార్లట్ పేరెత్తలేదేం? ప్రైడ్ నాయిక లిజీకి స్నేహితురాలు, 27 ఏళ్లు, అందగత్తె కాదు, డబ్బు లేదు. లిజీ కాదన్న ఆ కాలిన్స్ అనే వాగుడుకాయని మూడో రోజుకల్లా చేసేసుకుంటుంది. నాకు కావలసింది ఒక సుఖమైన ఇల్లు, అంతే, నేనెప్పుడూ ప్రేమలూ దోమలూ అనేదాన్ని కాదు, అంటుంది.

పిల్లకాలువ · ఉదయం 8:02

షార్లట్ అంటే నాకు చిరాకు ఆంటీ. రాజీ పడిపోయింది. లిజీ ఆగింది, దక్కించుకుంది.

ఆవకాయ జాడీ · ఉదయం 8:19

లిజీ ఆగితే డార్సీ దొరికాడు తల్లీ. అది నవల కాబట్టి.

నువ్వు 28, 30 అధ్యాయాలు మళ్లీ చదువు. షార్లట్ కాపురం చూడ్డానికి లిజీ వెళ్తుంది. ఇంట్లో వెలుతురున్న మంచి గది వదిలేసి, వెనకవైపు గదిలో ఎందుకు కూచుంటోందో లిజీకి ముందు అర్థం కాదు. తర్వాత వెలుగుతుంది. ముందు గదిలోంచి రోడ్డు కనబడుతుంది, కాబట్టి కాలిన్స్ ఎవరి బగ్గీ వస్తోందా అని అక్కడే కూచుంటాడు. ఈవిడ గదీ బాగుంటే ఇక్కడికొచ్చి కూచుంటాడు! తోటపని ఆరోగ్యానికి ఎంత మంచిదో అని మొగుణ్ణి తెగ మెచ్చుకుంటుంది కూడా, బయటే ఉంటాడని. నా పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆ పేరా చదివి పుస్తకం గుండెలకి హత్తుకున్నాను. వివరాలు అడక్కు.

హ్యాంప్‌షైర్ కోడలు · ఉదయం 10:05

షార్లట్ వయసు గురించి ఒక్క మాట. జేన్‌కి కూడా ఒక సంబంధం వచ్చింది, 1802 డిసెంబర్ 2న. హారిస్ బిగ్-విదర్ అని, స్నేహితురాళ్ల తమ్ముడు, పెద్ద ఎస్టేటుకి వారసుడు. సాయంత్రం సరేనంది. తెల్లారేసరికి కాదంది, బండి కట్టించుకుని ఆ ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఇంకో రెండు వారాల్లో ఆవిడకి 27 నిండుతాయి. షార్లట్‌కి 27. ఆవిడ ఇంకో నవల పర్సుయేషన్‌లో నాయిక ఆన్‌కీ 27. ఆ రాత్రి ఏమనుకుందో చెప్పే ఉత్తరం లేదు. అక్క కసాండ్రా చాలా ఉత్తరాలు కాల్చేసింది. మిగిలినవి ఓ 160.

పిల్లకాలువ · ఉదయం 10:11

ఓకే. షార్లట్‌కి సారీ.

మోడరేటర్ · ఉదయం 10:30

ఈ చర్చా దారాన్ని ఓటీటీ విభాగానికి మార్చమని ఇద్దరు ఫిర్యాదు చేశారు. మార్చను. కొనసాగించండి.

నల్లరేగడి · మధ్యాహ్నం 1:15

అందరూ హారతులు పడుతున్నారు, ఒక చెంచాడు కారం వేస్తా. ఆ ఇళ్లకి డబ్బు ఎక్కడ్నుంచి వచ్చింది? మాన్స్‌ఫీల్డ్ పార్క్ యజమాని సర్ థామస్‌కి ఆంటిగ్వాలో తోట ఉంది. అంటే చక్కెర, అంటే బానిసలు. నాయిక ఫానీ ఒకసారి బానిసల వ్యాపారం గురించి అడుగుతుంది, గదంతా నిశ్శబ్దమైపోతుంది, అంతటితో సరి. 1993లో విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ దీనిమీద రాశాక పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆవిడ యుగంలో నెపోలియన్ యుద్ధాలు జరుగుతుంటే ఆవిడ మిలిటరీవాళ్లు డాన్సులాడతారు. ఇంట్లో వంట ఎవరు చేశారో తెలియదు. చుట్టూ కంచె కట్టి పెంచిన తోట అని నవలా రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1848లోనే అంది, తప్పేముంది?

పాతపుస్తకాల పిచ్చి · మధ్యాహ్నం 2:40

తప్పని నేనూ అనను. కంచె ఉంది. ఆవిడే ఒప్పుకుంది, రెండంగుళాల దంతపు ముక్క మీద సన్న కుంచెతో గీస్తాను అని మేనల్లుడికి రాసింది. యువరాజుగారి లైబ్రేరియన్ ఒకాయన, రాజవంశం మీద గంభీరమైన చారిత్రక నవల రాయమని సలహా ఇస్తే, ప్రాణం మీదికొచ్చినా అలాంటిది నవ్వకుండా రాయలేను బాబూ అని మర్యాదగా తప్పించుకుంది.

కానీ ఆ నిశ్శబ్దం గురించి మాత్రం మీతో పేచీ. అడిగిన పిల్ల ఆ ఇంట్లో పంచన చేరిన పేద బంధువు. జవాబు చెప్పలేక మూగబోయింది ఆ ఇంటి సొంత పిల్లలు. ఆ మూగతనాన్ని కాగితం మీద పెట్టింది ఎవరు?

అన్నట్టు, మన దేశమూ ఆ కంచె లోపలే ఉంది. ఆవిడ మేనత్త ఫిలడెల్ఫియా డబ్బులేని అనాథ. 1752లో మొగుడి కోసం ఓడెక్కి మద్రాసు వచ్చింది, ఏడాది తిరక్కుండానే కడలూరులో కంపెనీ డాక్టరుతో పెళ్లయింది. జేన్ చిన్నప్పటి రాతల్లో, సరిగ్గా ఇలాగే బెంగాల్ పంపబడ్డ ఒక పిల్ల వస్తుంది, దాన్ని అదృష్టం అన్నవాళ్లని ఎగతాళి చేస్తుంది కూడా. తమ్ముడు చార్లెస్ నౌకాదళంలో పెద్ద అధికారై, 1852లో బర్మాలో, ఐరావతి నది మీద కలరాతో పోయాడు. కాబట్టి లోకం తెలియక కాదు, ఎంచుకుని రాయలేదు.

నల్లరేగడి · మధ్యాహ్నం 2:58

ఎంచుకుని రాయలేదన్నదే నా ఫిర్యాదు కూడా. సరే, చివరి ప్రశ్న మీద ఆలోచిస్తా.

నిడదవోలు బండి · సాయంత్రం 5:20

అయ్యా, అమ్మా, నేనొక చిన్న ప్రశ్న వేస్తే ఇంత జాతర! ప్లీడరు గారి చేపల కథ మా ఆవిడకి చదివి వినిపించాను. "మీ అన్నయ్యే" అంది. ఇంట్లో ప్రస్తుతం వాతావరణం బాగాలేదు.

ఒక సందేహం. ఆ కన్నుగీటడం అన్నారే పిచ్చి గారూ, అది తెలుగులో కుదురుతుందా? ఎవరైనా ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ మొదటి వాక్యం తెలుగులో చెప్పండి, చూద్దాం.

ఆవకాయ జాడీ · సాయంత్రం 5:48

నేను మొదలెడతా: "మంచి ఆస్తి కలిగియున్న అవివాహితునకు భార్య యొక్క ఆవశ్యకత ఉండి తీరునన్నది విశ్వవ్యాప్తముగా అంగీకరింపబడిన సత్యము."

కరీంనగర్ పోరడు · సాయంత్రం 5:50

అమ్మా, గిది నవలనా, గెజిట్ నోటిఫికేషనా?

నాది: "పైసలున్న పోరడు పెండ్లి కాకుంట ఉన్నడంటే ఆనికి పెండ్లాం కావాల్నన్నట్టే. ఊరంతటికి ఎరుకే."

పిల్లకాలువ · సాయంత్రం 6:04

నాకు 'ట' పెట్టాలనిపిస్తోంది. "ఆస్తి ఉండి పెళ్లికాని మగాడికి పెళ్లాం కావాల్సిందేనట. లోకమంతా ఒప్పుకున్న సత్యమట!" మా అమ్మమ్మ ఎవరినైనా దెప్పాలంటే ఇంతే, ఒక్క 'ట' చాలు. "వాళ్లబ్బాయికి కట్నం వద్దట. కారు మాత్రం చాలట."

పాతపుస్తకాల పిచ్చి · సాయంత్రం 6:37

అమ్మాయ్, మీ అమ్మమ్మ ఆస్టెన్! పదిహేనేళ్లుగా క్లాసులో నేను బోర్డంతా నింపి చెప్పేది నువ్వు ఒక్క అక్షరంలో చెప్పావు. కథ చెప్పేది రచయిత్రే, మాట మాత్రం పాత్రది, కొటేషన్ గుర్తులుండవు. ఎవరి గొంతో మనం పట్టుకోవాలి. ఇంగ్లీషులో దాన్ని అంత ధారాళంగా వాడింది ఆవిడే మొదలు. మనకి దానికో ప్రత్యయమే ఉంది.

కానీ మొదటి వాక్యంలో మాత్రం 'ట' వద్దు. 'ట' అనగానే నేను నమ్మట్లేదు సుమా అని చెప్పేసినట్టే. ఆవిడ అక్కడ మొహం బిగించి చెబుతుంది, కోర్టులో ప్రమాణం చేసినట్టు. రెండో వాక్యంలో గానీ గుట్టు విప్పదు: కొత్తగా ఊళ్లో దిగిన ఆ మగాడి మనసులో ఏముందో ఎవరికీ తెలియదు, అయినా చుట్టుపక్కలవాళ్లు వాణ్ణి తమ ఎవరో ఒక కూతురి న్యాయమైన సొత్తుగా లెక్కేసేసుకుంటారు. అందుకని జాడీ గారి గెజిటే మొదలుకి సరైనది, చివర్లో జారాలి: "సకలలోక సమ్మతమైన సత్యమొకటున్నది: ఆస్తిపాస్తులు దండిగా ఉన్న బ్రహ్మచారికి కావలసింది పెళ్లాం." 'భార్య' అంటే పోతుంది. 'పెళ్లాం' దగ్గర మెట్టు తప్పాలి.

సినిమాల్లో పోయేది ఇదే. కెమెరాకి 'ట' లేదు. అందుకే తడి చొక్కాలు పెట్టుకోవలసి వస్తుంది.

కరీంనగర్ పోరడు · సాయంత్రం 6:45

చొక్కా మీద ఇంత కోపమెందుకు సార్. కానీ అన్ని సినిమాలు గట్లనే ఉండవు. మా అక్క చూసే 'ప్రియురాలు పిలిచింది' సెన్స్ అండ్ సెన్సిబిలిటీనే అని నిన్న ఇంటర్నెట్ల చూస్తే తెలిసింది. టబు, ఐశ్వర్య రాయ్, 2000ల తమిళంల తీసి తెలుగుకు డబ్ చేసిన్రు. ఇల్లు పోయి అక్కచెల్లెండ్లు చెన్నైకి పోతరు సూడు, అది చూసి మా అక్క ఏడ్వంది ఒక్కసారి లేదు. ఆస్టెన్ పేరు ఆమెకు ఇప్పటికి తెల్వదు. ప్లీడర్ సార్ చెప్పిన కథ చదివినంక నాకిప్పుడు సమజయితున్నది.

పిల్లకాలువ · సాయంత్రం 7:30

1995లో వచ్చిన క్లూలెస్ సినిమా కూడా అంతే, ఆస్టెన్ నవల ఎమ్మాని బెవర్లీ హిల్స్ స్కూల్లో పెట్టారు. నేను అది చూసే పుస్తకం దగ్గరికొచ్చా.

ఒకటి చెప్పాలి. మా హాస్టల్ గ్రూపులో ఒక అక్క ఉండేది, పది మెసేజులకి తక్కువ పెట్టదు. ఒకసారి నేను "అక్కా, ఈ పూటకి కోటా మూడే" అని పెట్టా. నలభై నవ్వు బొమ్మలు పడ్డాయి. నాకు ఆ రాత్రంతా గాల్లో తేలినట్టుంది. తర్వాత వారం బస్సులో ఎమ్మా చదువుతుంటే బాక్స్ హిల్ వచ్చింది. అందరూ కొండమీద పిక్నిక్‌లో ఉంటారు. ఒక్కొక్కరూ ఒక తెలివైన మాటో, మూడు చప్పటి మాటలో చెప్పాలని ఆట. మిస్ బేట్స్ అని పెళ్లికాని పేద నడివయసావిడ, వాగుడు ఎక్కువ, నవ్వుతూ, నాకు మూడు చప్పటి మాటలే సులువు, నోరు తెరిస్తే వస్తాయి అంటుంది. ఎమ్మా వెంటనే, ఒక్కసారికి మూడే కదండీ, అదే మీకు కష్టం, అంటుంది.

అచ్చంగా నా జోకు! రెండొందల ఏళ్ల కిందట! మిస్ బేట్స్‌కి ముందు అర్థం కాదు. అర్థమయ్యాక కోప్పడదు, కొంచెం ఎర్రబడుతుంది. నేను మరీ విసిగిస్తున్నట్టున్నాను, లేకపోతే పాత స్నేహితురాలిని అంత మాట అనదు, అంటుంది. అంతవరకూ ఎమ్మాతో కలిసి నేనూ ఆవిణ్ణి చూసి నవ్వుతూనే ఉన్నా. ఆవిడ మాటలన్నీ పేజీలకి పేజీలు రాసి మనకి విసుగు తెప్పించింది రచయిత్రే. ఆ విసుగు తెప్పించి, ఆ జోకు మనచేతే వేయించి, అప్పుడు ఆ మొహం చూపించింది.

నేను ఆ అక్కకి మెసేజ్ పెట్టాను. ఆవిడ పన్నెండు మెసేజులు పెట్టింది తిరిగి. అన్నీ చదివా.

తాడిపత్రి ప్లీడరు · రాత్రి 8:10

తర్వాత ఎమ్మా ఏడుస్తాది కదమ్మా బండిలో? మా ఆవిడ అడగమంటా ఉంది.

పిల్లకాలువ · రాత్రి 8:14

అవునండీ. ఇంటిదాకా. తుడుచుకోవాలని కూడా అనిపించదు.

నిడదవోలు బండి · డిసెంబర్ 28, రాత్రి 11:47

దారం పాతబడింది గానీ, హాజరు వేయించుకోడానికి వచ్చా. ఐదో అధ్యాయం దాటాను. ఏడులో వాన పడింది. తడిశాను.

ఇరవయ్యో అధ్యాయం రైల్లో చదివాను. కాలిన్స్‌ని చేసుకోకపోతే మీ అమ్మ నీ మొహం చూడదు, చేసుకుంటే నేను చూడను, అని తండ్రి అన్న చోట గట్టిగా నవ్వేసరికి ఎదురు బెర్తు ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "ఏంటండీ రీలు?" అన్నాడు. పుస్తకమండీ అంటే నమ్మలేదు.

మా అమ్మాయి పక్కనుంచి సినిమాలో ఏమవుతుందో చెప్పబోతే ఆపాను. ఇన్నేళ్లూ పేపరు అడ్డం పెట్టుకున్నందుకు ఇప్పటికి లాభం వచ్చింది, నాకు కథ తెలియదు. ప్రస్తుతం ముప్ఫై నాలుగులో ఉన్నా. లిజీ ఒక్కత్తే ఉంది, తలనొప్పిగా ఉంది. ఆ డార్సీ ఉన్నట్టుండి వచ్చాడు. కూచున్నాడు, లేచాడు, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, నోరు తెరవడు. నిద్రొస్తోంది గానీ దీపం ఆర్పబుద్ధి కావట్లేదు. దయచేసి ఎవరూ ఏమీ చెప్పకండి.